కాలిలో పగులు

తలుపుకు ఇటువైపు కూర్చోవడం లిదియాకు కొత్త. పదకొండేళ్ళ నుంచి ఆ ఆపరేషన్ గదికి లోపలివైపు మనిషే ఆమె. బయట వరండాలో ఈ బెంచీ మీద ఎవరెవరో కూర్చునేవాళ్ళు, కొత్తవాడ నేతగాళ్ళు, మరిపెడ దిక్కు నుంచి బండి కట్టుకొచ్చిన రైతులు, చంకన పిల్లల్ని వేసుకున్న ఆడవాళ్ళు. తలుపు కిర్రుమంటే చాలు అందరూ ఒక్కసారే లేచి నిలబడేవాళ్ళు. ఆమె చెయ్యి ఊపి, కూర్చోండి, కూర్చోండి, ఇంకా టైముంది అని లోపలికి పోయేది, ఎందుకమ్మా వీళ్ళకింత తొందర అని విసుక్కునేది కూడాను. ఇప్పుడు తలుపు కిర్రుమంది. లిదియా లేచి నిలబడింది. ఆయా ఖాళీ బేసిను పట్టుకుని వచ్చి, ఆమె మొహం చూడకుండా తల వంచుకుని నల్లా దగ్గరికి పోయింది. లిదియా మళ్ళీ కూర్చుంది. గోడ గడియారంలో పదీ పది. లోపల బల్ల మీద ఉన్నది తమ్ముడు సాల్మన్. ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేస్తున్నారు. తీసేస్తున్నారు! ఎంత సులువైన మాట, ఎంతమందికి తన నోటితోనే చెప్పింది, అమ్మా కాలు తీసేస్తేనే ప్రాణం నిలుస్తుంది అని, చెప్పి దవాఖాన వెనక తన గదికి పోయి అన్నం తిని హాయిగా పడుకుంది.

నువ్వు వద్దు లిదియా, విమల కూర్చుంటుంది అంది డాక్టరు దొరసాని, ఆమె చేతుల వైపు చూసి. అప్పటికి రెండుసార్లు చేతులు కడుక్కుని లిదియా మూడోసారి సబ్బు తీసుకుంటోంది. వెన్నుకు సూది వేసి నడుము కింద మొద్దుబారిస్తారు కాబట్టి మనిషికి తెలివి ఉంటుంది, కళ్ళకు గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి, తల దగ్గర ఒకరు కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతుండాలి. ఆ మాట్లాడే పని ఎప్పుడూ లిదియాదే. మీ ఊరేది, మీకు బర్లెన్ని, మీ చిన్నోడి పేరేంది. ఎంతమంది ఆమె మాట పట్టుకుని ఆ బల్ల దాటారో. ఇవాళ గుంటూరు వైపు పిల్ల విమల కూర్చుంది. ఆ పిల్ల మాటే సాల్మన్‌కు సగం అర్థం కాదు, పైగా నవ్వుతాడు, అట్టాగా, ఇట్టాగా అని వెక్కిరిస్తాడు. ఇవాళ కూడా వెక్కిరిస్తున్నాడా? వెక్కిరించరా, పిచ్చినాయనా, గట్టిగా వెక్కిరించు, నాకు ఇక్కడికి వినబడేటట్టు వెక్కిరించు. లోపల నుంచి గిన్నెలో కత్తెర పెట్టిన చప్పుడు తప్ప ఏదీ రావడం లేదు.

"చిలుకకు చెప్పినట్టు చెప్పినవు బిడ్డా," అంది పక్కన కూర్చున్న తల్లి రత్నమ్మ, పొద్దటి నుంచి ఇది ఏడోసారో ఎనిమిదోసారో. "ఆరు వారాలు ఉరుకకురా అని చెప్పినవట గదా. ఇన్నడా? మొండోడు. నీ మాట ఇంటే గియ్యాల గీ గతి పట్టునా వానికి?"

లిదియా తల్లి భుజం మీది కొంగు సర్దింది. మొండివాడే, నిజం. నడక రావడానికి ముందే పరుగు వచ్చింది వాడికి, పడి లేచి, మళ్ళీ పడి, మోకాళ్ళు చెక్కుకుపోయి, తొమ్మిదేళ్ళ అక్క వెంట చర్చి దాకా గోచీ లేకుండా పరుగెత్తేవాడు. పాస్టరుగారి భార్య చూసి నవ్వితే అక్కకు సిగ్గు, వాడికేం సిగ్గు. పెద్దయ్యాక ఆ పరుగే వాడికి అన్నం పెట్టింది. యుద్ధం వచ్చి పెట్రోలు కరువై మరిపెడ దారిలో బస్సు ఆగిపోతే, సర్కారువాళ్ళు మళ్ళీ పాతకాలం పద్ధతిలో మజిలీ మజిలీకీ హర్కారాలను పెట్టారు. టపా సంచీ భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం చేత పట్టుకుని, ఏడు మైళ్ళు పరుగున పోయి అవతలి హర్కారాకు సంచీ అందించి రావాలి. ఖాకీ నిక్కరు వేసుకున్న మొదటి రోజు దవాఖాన గేటు ముందు నుంచి కావాలనే పోయాడు, గజ్జెలు ఘల్లు ఘల్లుమనిపిస్తూ. మందుల గదిలో సీసాలు కడుగుతున్న లిదియా చేతులు తుడుచుకోకుండానే కిటికీ దగ్గరికి వెళ్ళింది. అప్పటికే మలుపు తిరిగిపోయాడు, గజ్జెల చప్పుడొక్కటే వినబడింది. ఎంత గర్వపడింది ఆ రోజు! మా తమ్ముడే అని ఆయాకు, కంపౌండరుకు, ఎవరూ అడక్కపోయినా చెప్పింది.

నొప్పి దసరా ముందు మొదలైంది. మొదట్లో మూడో మైలురాయి కాడ వస్తుందన్నాడు, ఆగి ఒక బీడీ తాగితే పోతుందన్నాడు. నెల తిరిగేసరికి రెండో మైలుకే. ఆ తర్వాత మొదటి అడుగుకే, ఆగినా పోదు, రాత్రి పడుకుంటే కూడా లోపల్నుంచి గుంజుడే. పిక్క పట్టుకుందని తల్లి ఆముదం కాచి రుద్దింది, ఉప్పు కాపడం పెట్టింది. తగ్గక, ఒక సోమవారం టపా అందించి వస్తూ దవాఖానకొచ్చి వరుసలో నిలబడ్డాడు. నిక్కరు మీద దుమ్ము, నుదుటి మీద చెమట. మంచిదయింది అలా రావడం. అందరూ దవాఖానకు పోవాలంటే ఒక రోజంతా కాళ్ళు చాపుకుని, తానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని, బండిలో కూర్చుని వస్తారు, వచ్చేసరికి నొప్పి ఉండదు, ఎక్కడ నొప్పి అంటే నిన్న ఇక్కడ ఉండె అమ్మా అంటారు. వీడు నొప్పిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎక్కడ అని దొరసాని ఇంగ్లీషులో అడిగింది, ఆమె మాట తెలుగు చేసేది లిదియానే. ఆమె అడిగితే ఎవరైనా అరచేయి పెట్టి కాలంతా నిమిరి చూపిస్తారు, అప్పుడు దొరసాని కండరం అంటుంది, తైలం రాస్తుంది, పంపిస్తుంది. సాల్మన్ అరచేయి పెట్టలేదు. మోకాలికీ చీలమండకూ నడుమ, కాలి ముందువైపు, ఒక్క వేలు పెట్టాడు. తీసి మళ్ళీ పెట్టమంటే సరిగ్గా అక్కడే పెట్టాడు. ఆ ఒక్క వేలును చూసి దొరసాని కుర్చీ ముందుకు జరుపుకుంది.

బొటనవేలితో అక్కడ నొక్కింది, సాల్మన్ ఎగిరిపడ్డాడు. ఒంటికాలి మీద గెంతమంది, ఒక్క గెంతుకే పళ్ళు బిగించి గోడ పట్టుకున్నాడు. చెవులు పరీక్షించే రెండు పంగల ఇనుప చువ్వను బల్లకు కొట్టి, రుయ్యిమంటుంటే దాని కాడను ఆ చోట ఆనించింది, అప్పుడు మాత్రం అమ్మా అని అరిచాడు. లోపలి ఎముకల ఫోటో తీసే ఎక్స్‌రే యంత్రం యుద్ధం అయ్యాక వస్తుందని ఎదురు చూస్తున్న దవాఖాన అది. యంత్రం ఉన్నా మొదట్లో కనబడదు లిదియా, వెంట్రుకంత ఉంటుంది అంది దొరసాని. సిపాయిలకు వస్తుందట, రోజుల తరబడి కవాతు చేసేవాళ్ళకు. ఎముక కూడా అలసిపోతుంది, అలసిపోయి సన్నగా పగులు ఇస్తుంది. మందు లేదు, కట్టు అక్కర్లేదు, ఆరు వారాలు పరుగు మానేస్తే దానంతటదే అతుక్కుంటుంది. మానకపోతే ఒక రోజు దారిలో పుటుక్కున విరుగుతుంది. సరిగ్గా చెప్పు లిదియా, ఇది ముఖ్యం. దొరసాని అంత తీరిగ్గా ఎవరి గురించీ చెప్పేది కాదు.

అయ్యో, ఆ ఒక్క నిమిషాన్ని వెనక్కి తెచ్చుకునే దారి ఏదైనా ఉంటే! ఎముక పగిలింది. అంతే కదా చెప్పాల్సింది. సాల్మన్‌కు, వాళ్ళ అవ్వ రత్నమ్మకు, వాళ్ళ వాడకు ఎముక అంటే ఏదో పుస్తకంలో మాట, వాళ్ళకు తెలిసింది బొక్క. లిదియాకూ పుట్టినప్పటి నుంచి బొక్కే. నర్సు చదువుకు గుంటూరు వైపు పోయిన మొదటి ఏడు, ఎదురు మంచం పిల్ల జారిపడితే, అయ్యో బొక్క ఇరిగిందేమో చూడుండ్రి అని ఈమె పరుగెత్తింది. గదిలో పదహారు మంది ఒక్కసారి పకపకమన్నారు. బొక్క ఎట్టా విరుగుద్దే, బొక్క గోడకుంటుంది కదే అని ఒకతె, వాళ్ళ ఊళ్ళో మనుషులకు లోపలంతా బొక్కలేనంట అని ఇంకొకతె. పడిపోయిన పిల్ల కూడా ఏడుపాపి నవ్వింది. వాళ్ళ వైపు బొక్క అంటే చిల్లు. మూడేళ్ళు బొక్కల లిదియా అనే పిలిచారు ఆమెను. ఆ మాట అప్పుడు పోయింది ఆమె నోట్లోంచి, మళ్ళీ రాలేదు. ఆ సోమవారం వెనక కట్లు కట్టే పళ్ళెం పట్టుకుని విమల నిలబడి ఉంది, చేరి నాలుగు రోజులైన గుంటూరు వైపు పిల్ల. బొక్క అంటే ఆ పిల్ల నవ్వుతుంది. ఎముక అంటే తమ్ముడు నవ్వుతాడు, మా అక్క దొరసాని అయిపోయింది అంటాడు. రెండు మాటలూ నాలుక చివర నిలబడి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఆమె రెండూ అనలేదు. కాలిలో పగులు పట్టింది అంది. ఆరు వారాలు పరుగు బందు, మందేమీ అక్కర్లేదు, మాట వినకపోతే ముదురుతుంది అంది. అని తరవాతి చీటీ పిలిచింది.

పగులా అని సాల్మన్ తన పాదాల వైపు చూసుకున్నాడు, అది ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. అప్పుడు కూడా చూసింది, చూసి కూడా ఊరుకుంది. కాలిలో పగులంటే ఎవరైనా ఏమనుకుంటారు, మడమ పగుళ్ళనుకుంటారు! చలికాలం ఎవరి మడమలు పగలవు, ఎవరు పని మానుకుని ఇంట్లో కూర్చుంటారు? వాడు మూడు రోజులు ఆగాడట. నాలుగో రోజు సంచీ ఎత్తుకున్నాడు, అక్కకు కనబడకుండా దవాఖాన గేటు తప్పించి. ఇరవై రోజులు పరుగెత్తాడు, ఆ నొప్పితో, ఎలా పరుగెత్తాడో ఆ దేవుడికే తెలియాలి. ఇరవై ఒకటో రోజు రెండో మైలు దాటాక పుటుక్కుమంది. పక్క ఊరివాళ్ళు ఎత్తుకుపోయి కట్లు కట్టే ఆయనకు చూపించారు. ఆయన కోడిగుడ్డు సొనలో గుడ్డ నానబెట్టి, వెదురు దబ్బలు పెట్టి, బిగించి కట్టాడు. ఎంత బిగిస్తే అంత తొందరగా అతుకుతుందని వాళ్ళ లెక్క. అది ఎండి ఇంకా బిగిసింది. వేళ్ళు ఉబ్బాయి, నల్లబడ్డాయి, తిమ్మిరెక్కి నొప్పే లేకుండా పోతే తగ్గుతున్నదని సంతోషపడ్డారట. ఎనిమిది రోజులు. దవాఖాన ఎంత దూరం, నాలుగు మైళ్ళు, అక్కకు చెప్పకుండ్రి అని అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడట, వద్దన్నా ఉరికినానని తిడుతుందని.

ఇవాళ పొద్దున బండి దిగినప్పుడు ఆ వాసనే చెప్పింది లిదియాకు, గుడ్డ విప్పకముందే. విప్పింది. కడిగింది. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి, నల్లగా చచ్చిపోయిన కాలు, మడమ దగ్గరికి వచ్చేసరికి ఏదో నున్నగా, జిడ్డుగా తగిలింది. కుడికాలు మడమ చూస్తే దానికీ అంతే, చంటిపిల్ల పాదంలాగా మెత్తగా ఉంది.

"ఏందిరా మడిమెలకు ఇది?"

"మైనమక్కా. మైనం, ఆముదం కలిపి కాసిన. నువ్వు పగులన్నవు గదా." జ్వరంతో మొహం ఎర్రగా ఉంది, అయినా నవ్వుతున్నాడు. "ఎంత చూసినా నాకైతే పగులే కనవడలే. లోపట ఉన్నదేమో అనుకున్న. మందైతే ఒక్కపూట తప్పలే అక్కా, ఉరుకుడే ఆపలే. పగుళ్ళకు పని బందు పెట్టిండంటే హర్కారాలు నవ్వరా? నాదే తప్పు తియ్యి."

లోపట ఉన్నదేమో అనుకున్న! తడిగుడ్డ ఆమె చేతిలోనే ఉండిపోయింది. అప్పుడే దొరసాని వచ్చింది, కాలు చూసింది, పెదవులు బిగించింది. సరిగ్గా చెప్పమన్నాను కదా లిదియా, చెప్పలేదా అంది. చెప్పాను మేడం అంది లిదియా. చెప్పాను, వినలేదు. దొరసాని నిట్టూర్చి, వీళ్ళు ఎప్పుడూ వినరు అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. వీళ్ళు! తన తమ్ముణ్ణి, తన అవ్వను, తన వాడనంతా ఆ ఒక్క మాట కింద తోసేసి తాను నర్సు తలగుడ్డతో పక్కన నిలబడింది. ఇంతకంటే పాపిష్ఠి ముండ ఎవరైనా ఉంటారా లోకంలో? స్ట్రెచరు రావడానికి ఇంకా కాసేపు పట్టింది. ఆ కాసేపట్లో వాడి చెవిలో చెప్పొచ్చు. చెప్పలేదు. వాడి చొక్కా గుండీలు విప్పింది, మడతపెట్టింది, మళ్ళీ మడత విప్పి పెట్టింది.

పదీ ఇరవై అయిదు. కోసి, రక్తనాళాలు కట్టి, కండ పైకి లాగి పట్టుకుంటారు, ఆ తరవాత రంపం. ఎప్పుడొస్తుందో ఆమెకు తెలుసు, తెలియకుండా ఉంటే ఎంత బాగుండేది. వచ్చింది. పెద్ద చప్పుడు కాదు, మూసిన తలుపు వెనక నుంచి సన్నగా, ఆగి, మళ్ళీ. తానే లోపలుంటే ఆ వేళకు గట్టిగా దగ్గేది, పళ్ళెం కింద పడేసేది, ఏదో పాట ఎత్తుకునేది. విమలకు ఇవన్నీ ఎవరు చెప్పారు? దూది ఎంత పెడితే మాత్రం తన ఒంటి చప్పుడు తనకు వినబడకుండా ఉంటుందా?

"ఏం సప్పుడు బిడ్డా అది?" అంది రత్నమ్మ తలెత్తి.

"ఏం లేదవ్వా. బల్ల జరుపుతున్రు."

రత్నమ్మ నమ్మింది. కూతురు ఏం చెప్పినా నమ్ముతుంది, చదువుకున్న కూతురు. దొరసాని నమ్ముతుంది. సాల్మన్ నమ్మాడు. అటువాళ్ళ మాట ఇటు, ఇటువాళ్ళ మాట అటు పదకొండేళ్ళుగా మోసుకొస్తూ, నడుమ ఏం రాలిపోయినా అడిగేవాళ్ళు లేకపోయారు. ఇంకా ఎవరెవరికి ఏమేం తప్పు చెప్పిందో ఎవరికి తెలుసు? ఇప్పుడు నోరు మూసుకుంటే ఇదీ ఎవరికీ తెలియదు. వాడు మొండివాడని అందరూ అనుకుంటారు, వాడూ అదే అనుకుంటాడు. ఇరవై నాలుగేళ్ళు వాడికి, కర్ర పట్టుకుని ఇంకా ఎన్నేళ్ళు బతకాలి, ఆ కర్ర కదిపినప్పుడల్లా నా కాలును నేనే తిన్నాను అనుకుంటూ బతకాలి. కాలు పోయింది, పోయిన కాలును ఎవరూ తేలేరు. ఆ నేరం కూడా వాడి నెత్తినే ఎందుకుండాలి? చెప్తాను, తలుపు తెరవగానే చెప్తాను. చెప్తే అవ్వ మొహం ఎలా మారుతుందో! ఉద్యోగం పోతే పోనీ. వాడు మొహం తిప్పుకుంటే? అక్కా అని పిలవడం మానేస్తే? లిదియా బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. రంపం ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. లిదియా లేచి నిలబడింది, రత్నమ్మా లేచింది. స్ట్రెచరు మీద దుప్పటి కుడివైపు చివరిదాకా ఎత్తుగా ఉంది, ఎడమవైపు సగంలోనే పడిపోయి బల్లపరుపుగా ఉంది. అది చూసి రత్నమ్మ అరవలేదు, నా అయ్యా, నా కొడుకా అని ఆ ఖాళీ దుప్పటి మీద చెయ్యి వేసి నిమరడం మొదలుపెట్టింది. దొరసాని వెనకే వచ్చి, నాడి బాగుంది, బతుకుతాడు అంది. లిదియా వంగి తమ్ముడి కళ్ళ మీది గుడ్డ తీసింది, చెవుల్లో దూది తీసింది. వాడి కళ్ళు ఎర్రగా, తెలివిగా ఉన్నాయి. అంతా విన్నాడని ఆ కళ్ళే చెప్పాయి.

"అయిపోయిందా అక్కా," అన్నాడు నెమ్మదిగా. "ఏడువకు. నువ్వేమో చెప్పనే చెప్పినవు, నేనే ఇనలే. ఎవరినేమంటం."

"లేదురా." తీసిన గుడ్డ, దూది స్ట్రెచరు మీదే పెట్టి ఇంకా వంగింది. "నేను చెప్పలే సాల్మన్. బొక్క పలిగిందని చెప్పుమన్నది డాక్టరమ్మ. కాలి బొక్క, లోపటి బొక్క. నేను ఆ మాట అనలే, సిగ్గుపడి అనలే. నువ్వు ఇనకపోవుడు కాదు తమ్మీ, నేను చెప్పకపోవుడు. నీ తప్పు ఈసమంత గూడ లేదు."

దుప్పటి మీద రత్నమ్మ చెయ్యి ఆగిపోయింది. సాల్మన్ ఎండిన పెదాలను నాలుకతో తడుపుకున్నాడు. వాడు తిడతాడని, ఏడుస్తాడని ఆమె చూస్తూ నిలబడింది, ఏదైనా సరే, పడడానికి సిద్ధంగా.

"నాకు గప్పుడే అనుమానమొచ్చిందక్కా," అన్నాడు చివరికి. కోపం లేదు గొంతులో, ఏదో పాత ముచ్చట చెప్తున్నట్టే ఉంది. "మడిమె మంచిగనే ఉండె, నొప్పేమో ముందట. పగులంటే ఏడనక్కా అని అడుగుదామనుకున్న. నోటిదాక వచ్చింది. నువ్వేమో, ఇగ మీరు పోవచ్చు అంటివి. మీరు అంటివక్కా నన్ను. పుట్టినకాడి నుంచి ఎన్నడన్న అన్నవా? నేను నీ తమ్మున్నని వాళ్ళకు తెలిస్తే నీ ఇజ్జత్ పోతదేమో అనుకున్న. ఇగ అడుగలే."

లిదియా స్ట్రెచరు కమ్మీ పట్టుకుంది. దొరసాని దగ్గరికి వచ్చి వాడి నుదుటి మీద చెయ్యి వేసి, ఏమంటున్నాడు లిదియా అని ఇంగ్లీషులో అడిగింది. లిదియా నోరు తెరిచింది. ఆ భాషలో నువ్వు అన్నా మీరు అన్నా ఒకటే మాట.

"దాహమంటున్నాడు మేడం," అంది.

పెదాలు తడుపు, ఎక్కువ పట్టకు అని చెప్పి దొరసాని లోపలికి వెళ్ళింది. లిదియా దూది నీళ్ళలో ముంచి, పిండి, తమ్ముడి పెదాలకు అద్దింది.